హెచ్. పైలోరి సోకితే విటమిన్లు ఎలా వాడాలి: మొదటి పరీక్ష నుంచి చివరి పరీక్ష దాకా

“కడుపులో హెచ్. పైలోరి ఉందన్నారు. త్వరగా తగ్గడానికి ఏ విటమిన్ వేసుకోవాలి?” కొన్ని నెలలుగా పాఠకులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఏ మాత్ర వేసుకోవాలన్నదాని కన్నా ఏ వేళకు వేసుకోవాలన్నదే ఇక్కడ ముఖ్యం. అందుకే ఒక్క ముక్కలో జవాబివ్వకుండా, పరీక్ష రోజు నుంచి వరుసగా చెబుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఏ విటమినూ ఈ బ్యాక్టీరియాను కడుపులోంచి తరిమేయలేదు. ఆ పని యాంటీబయాటిక్‌లదే. ఉసిరి రసం తాగితే చాలు, మందులు అక్కర్లేదని ఎవరైనా చెబితే దయచేసి నమ్మకండి. ఈ ఇన్‌ఫెక్షన్‌ను ఏళ్ల తరబడి వదిలేస్తే అల్సర్లు రావచ్చు, కొందరిలో అది క్యాన్సర్ దాకా పోతుంది.

## 1. విటమిన్లు ఎక్కడ పనికొస్తాయో తెలుసుకోండి

హెచ్. పైలోరి జీర్ణాశయం గోడను కప్పి ఉంచే జిగురు పొరలో దాక్కుంటుంది. యూరియాను విడగొట్టి అమోనియా తయారు చేసుకుని, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. దాన్ని చంపడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు ఘాటైన ఆక్సీకరణ పదార్థాలను విడుదల చేస్తాయి. క్రిమి పొరలో భద్రంగానే ఉంటుంది, దెబ్బ మాత్రం మన కడుపు గోడకు తగులుతుంది.

ఆరోగ్యవంతుల జీర్ణరసంలో విటమిన్ సి రక్తంలో కన్నా ఎక్కువ మోతాదులో ఉంటుంది. ఈ క్రిమి ఉన్నవాళ్లలో అది పడిపోతుంది, క్రిమి పోయాక మళ్లీ పెరుగుతుంది. మంట చాలాకాలం కొనసాగితే ఆమ్లం తయారీ తగ్గుతుంది. ఆమ్లం తగ్గితే తిన్న ఆహారం నుంచి బి12 సరిగా విడిపోదు, ఐరన్ సరిగా ఒంటబట్టదు.

కాబట్టి విటమిన్ల పని రెండు చోట్ల ఉంది: దెబ్బతింటున్న గోడను కాపాడటం, క్రిమి చేసిన లోటును పూడ్చటం. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రం లింక్యూ ప్రాంతంలో 1995లో మొదలైన పరిశోధన ఇక్కడ చెప్పుకోదగ్గది. మూడు వేల మందికి పైగా పాల్గొన్నారు. రెండు వారాల హెచ్. పైలోరి చికిత్సనూ, ఏడేళ్లకు పైగా ఇచ్చిన విటమిన్ సి, ఇ, సెలీనియం మాత్రలనూ వేర్వేరుగా పరీక్షించారు. ఇరవై రెండేళ్ల తర్వాత లెక్క చూస్తే రెండింటివల్లా కడుపు క్యాన్సర్ తగ్గినట్టు తేలింది. అయితే ఆ ఫలితం క్యాన్సర్ గురించి, క్రిమిని చంపడం గురించి కాదు. పైగా అది పోషకాహారం అంతంతమాత్రంగా ఉండి, కడుపు క్యాన్సర్ ఎక్కువగా కనిపించే ప్రాంతం. చికిత్సతో పాటు విటమిన్ సి ఇస్తే క్రిమి ఎక్కువ మందిలో పోతుందా అని చూసిన ప్రయోగాల్లో ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు.

## 2. పరీక్ష సరిగా చేయించుకోండి

గ్యాస్ మాత్రలు వేసుకుంటూ పరీక్షకు వెళితే, క్రిమి ఉన్నా లేదని రావచ్చు. ఎక్కువమంది తప్పటడుగు ఇక్కడే పడుతోంది.

పరీక్షకు ముందు చూసుకోవాల్సినవి:

- ☐ పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్రలను డాక్టరును అడిగి రెండు వారాల ముందు ఆపాలి.
- ☐ ఏ రోగానికి వాడినా సరే, యాంటీబయాటిక్ ఆపి కనీసం నాలుగు వారాలు కావాలి. బిస్మత్ (ఈ క్రిమి చికిత్సలోనూ వాడే ఒక లోహ లవణం) ఉన్న మందులకూ ఇదే లెక్క.
- ☐ శ్వాస పరీక్ష లేదా మలంలో యాంటిజెన్ (క్రిమి ఆనవాలు) పరీక్ష అడగండి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష పాత ఇన్‌ఫెక్షన్‌కూ పాజిటివ్ చూపిస్తుంది.
- ☐ వాడుతున్న విటమిన్ మాత్రలన్నింటి పేర్లూ కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మలం తారులా నల్లగా రావడం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద మింగుతుంటే అడ్డుపడటం, ఆగని వాంతులు: వీటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

## 3. మందులు మొదలుపెట్టక ముందే లోటు ఎంతో తేల్చుకోండి

బలానికని ఏదో ఒక మల్టీవిటమిన్ కొనేసుకోవడం కన్నా, ఒక్కసారి రక్తం ఇచ్చి చూసుకోవడం మేలు. డాక్టరును ఈ మూడు అడగండి: హిమోగ్లోబిన్‌తో కూడిన రక్తకణాల లెక్క, ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెర్రిటిన్, విటమిన్ బి12. చాలాకాలంగా ఒళ్లు నొప్పులుంటే విటమిన్ డి కూడా.

బి12 పరీక్ష ముఖ్యంగా ఎవరికి?

- ☐ గుడ్డు, చేప, మాంసం ముట్టనివారికి
- ☐ ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వాడుతున్నవారికి
- ☐ షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికి
- ☐ అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు ఉన్నవారికి

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నట్లయితే ల్యాబులో తప్పకుండా చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల అంకెలను తారుమారు చేస్తుంది. మలంలో రక్తపు జాడ చూసే పాత రకం పరీక్షకు ముందు విటమిన్ సి మాత్రలు వాడితే, రక్తం ఉన్నా లేదని చూపించవచ్చు.

బి12 ఎంతుందో తెలియకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడటం మంచిది కాదు. రక్తహీనత తగ్గినట్టు కనబడుతుంది, లోపల నరాల దెబ్బ మాత్రం సాగిపోతుంది.

## 4. వేళల పట్టిక రాసుకోండి

అన్నిటికన్నా ఈ మెట్టు మీదే మీ శ్రద్ధ పెట్టమని అడుగుతాను.

మా అమ్మకు మొదటిసారి చికిత్స మొదలైన వారానికి నేను ఊరికి వెళ్లాను. పొద్దున్నే స్టీలు పళ్లెంలో మాత్రలన్నీ వరుసగా పేర్చుకుని, గ్లాసెడు వేడి పాలతో ఒక్కొక్కటే మింగుతోంది. అందులో టెట్రాసైక్లిన్ ఉంది. దాని పక్కనే మందుల షాపులో నీరసానికని అంటగట్టిన మల్టీవిటమిన్, ఐరన్ మాత్ర. “అన్నీ ఒకేసారి అయిపోతే మరిచిపోను కదా” అంది. ఆమె తప్పేమీ లేదు. మూడు మాత్రలు చేతిలో పెట్టినవాళ్లలో ఒక్కరూ వేళ గురించి చెప్పలేదు.

టెట్రాసైక్లిన్‌ను క్యాల్షియం, ఐరన్, జింక్, మెగ్నీషియం పట్టేసుకుంటాయి. పట్టుకున్న మందు రక్తంలోకి చేరకుండా మలంలో పోతుంది. పాలు, పెరుగు, గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్, ఖనిజాలు కలిసిన మల్టీవిటమిన్ అన్నీ ఈ పని చేసేవే. లెవోఫ్లాక్ససిన్‌కూ ఐరన్, జింక్, యాంటాసిడ్‌లతో ఇదే గొడవ. అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్‌లకు ఈ బాధ అంతగా లేదు, వాటిని భోజనంతో వేసుకోవచ్చు.

పట్టిక తయారు చేసే వరుస ఇది:

1. మందుల చీటీలో ఉన్న ప్రతి యాంటీబయాటిక్ పేరు రాయండి. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, లెవోఫ్లాక్ససిన్ ఉంటే ఎర్ర సిరాతో గీత పెట్టండి.
2. ఆమ్లం తగ్గించే మాత్రను భోజనానికి అరగంట ముందు పెట్టండి.
3. ఎర్ర గీత పెట్టిన మందుకు కనీసం రెండు గంటల ముందు, రెండు గంటల తర్వాత ఐరన్, క్యాల్షియం, జింక్, మల్టీవిటమిన్ ఏదీ ఉండకూడదు. వీలైతే మూడు గంటల ఎడం ఇంకా మంచిది.
4. పాలు, పెరుగు, మజ్జిగకూ వేరే సమయం కేటాయించండి.
5. టెట్రాసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో వేసుకోవాలి. వెంటనే పడుకుంటే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు చేయగలదు.

నాలుగు మందుల చికిత్సలో (బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం తగ్గించే మాత్ర) టెట్రాసైక్లిన్ రోజుకు నాలుగుసార్లు ఉంటుంది. అప్పుడు ఇంత ఎడం దొరకడం దాదాపు అసాధ్యం. నా సలహా ఏమిటంటే, “ఈ 14 రోజులూ ఐరన్, మల్టీవిటమిన్ ఆపి, తర్వాత మొదలుపెట్టవచ్చా?” అని డాక్టరును సూటిగా అడగండి. రెండు వారాలు బలం మాత్రలు మానినందువల్ల చాలామందికి వచ్చే నష్టం లేదు. యాంటీబయాటిక్ వృథా అయితే మాత్రం మళ్లీ మొదటికి రావాలి, అదీ మందులకు లొంగని క్రిమితో. తీవ్ర రక్తహీనత ఉన్నవారు సొంతంగా ఐరన్ ఆపకూడదు. గర్భిణులకు టెట్రాసైక్లిన్ ఇవ్వరు, వారి చికిత్స దారే వేరు.

మా అమ్మకు మూడు గడుల కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పాలు రాత్రికి కాకుండా, రెండు మోతాదుల మధ్య సాయంత్రానికి మార్చాం. ఆ కాగితం చివర ఆమె తన చేత్తో “పాలతో వద్దు” అని రాసుకుంది.

## 5. వంటింట్లో విటమిన్ సి పోకుండా చూసుకోండి

పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన విటమిన్ సి పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, ఉసిరిలోనూ అంతే. అంటే ఒక మోస్తరు జామకాయతో రోజు గడిచిపోతుంది. మాత్రల సీసా కొనేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

అయితే విటమిన్ సి నీళ్లలో కరిగిపోతుంది, వేడికి, గాలికి చెడుతుంది. కాబట్టి:

- కూరలు, ఆకుకూరలు ముందు కడిగి, తర్వాత తరగండి. తరిగి నీళ్లలో నానేస్తే ఆ నీళ్లతోనే విటమిన్ పోతుంది.
- తోటకూర, మునగాకు మూతపెట్టి, తక్కువ నీళ్లతో, కాసేపే ఉడికించండి. ఉడికిన నీటిని పప్పులో పోయండి.
- నిమ్మరసం గిన్నె దించాకే పిండండి. నిమ్మకాయ పులిహోర చేసేటప్పుడు మనవాళ్లు ఎటూ అలాగే చేస్తారు. పప్పుకీ చారుకీ అదే పద్ధతి పాటించండి.
- పండు కోసి ఫ్రిజ్‌లో పెట్టకండి. తినేముందే కోయండి.

కడుపు మంట బాగా ఉన్నప్పుడు నిమ్మ, బత్తాయి, పచ్చి ఉసిరి పడకపోవచ్చు. అప్పుడు పరగడుపున కాకుండా భోజనం తర్వాత బాగా పండిన జామ, బొప్పాయి తినండి. జామ గింజలు ఇబ్బంది పెడితే మధ్యభాగం తీసేయండి. పత్యం పేరుతో రెండు వారాలూ ఉత్త గంజి, ఇడ్లీ మీదే ఉండటం వద్దు. నోటికి సయించినంతలో పెసరపప్పు, ఆకుకూర, గుడ్డు, మెత్తని సొరకాయ కూర తింటుండాలి.

ఊరగాయ గురించి కూడా చెప్పాలి. “ఉసిరావకాయ తింటున్నాం, విటమిన్ సి అందుతోంది కదా” అని చాలామంది రాస్తున్నారు. ఊరగాయలో పడే ఉప్పు సంగతి చూడండి. ఎక్కువ ఉప్పు, హెచ్. పైలోరి రెండూ కలిస్తే కడుపు పొర మరింత దెబ్బతింటుంది, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఇంట్లో అందరికీ ఇష్టమైన జాడీని పారేయమనను. ఇన్‌ఫెక్షన్ పోయేదాకా మాత్రం దాన్ని పైఅరలో పెట్టి, ఉసిరికాయను తాజాగా పెరుగు పచ్చడి చేసుకోండి. మొత్తం మీద రోజుకు ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు.

## 6. ఏ మాత్ర ఎవరికి

విటమిన్ సి: పండ్లు తినగలిగేవారికి అక్కర్లేదు. డాక్టరు రాస్తే భోజనం తర్వాతే వేసుకోండి, పరగడుపున వేసుకుంటే మంట పెరుగుతుంది. రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు పెద్ద మోతాదుల జోలికే వెళ్లవద్దు.

విటమిన్ డి: చికిత్స విఫలమైనవారిలో డి తక్కువగా ఉందని కొన్ని పరిశీలనలు చెప్పాయి. లోటును పూడిస్తే క్రిమి పోతుందని మాత్రం అవి నిరూపించలేదు. పరీక్షలో తక్కువని తేలితేనే వాడండి. 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకసారి అని రాస్తే వారానికి ఒకసారే. రోజూ మింగితే రక్తంలో క్యాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. కొవ్వులో కరిగే విటమిన్ గనుక నూనో నెయ్యో ఉన్న భోజనంతో తీసుకోండి.

విటమిన్ ఇ: వేరుశనగలు, పొద్దుతిరుగుడు గింజలు చాలు. రక్తం పలచబడటానికి మందులు వాడేవారికి పెద్ద మోతాదు ఇ మాత్రలు రక్తస్రావం తెచ్చిపెట్టగలవు.

విటమిన్ ఎ, బీటా కెరోటిన్: క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, మునగాకు తినండి. పొగతాగేవారు బీటా కెరోటిన్ మాత్రలు వేసుకోకూడదు. పెద్ద ప్రయోగాల్లో అలాంటివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది. పొగ మానేస్తే ఊపిరితిత్తులకే కాదు, హెచ్. పైలోరి చికిత్సకూ మేలు, ఎందుకంటే పొగతాగేవారిలో ఆ చికిత్స విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

నాలుగో రోజుకి మంట తగ్గిందని మందులు ఆపేయడం. మంట తగ్గించింది ఆమ్లం తగ్గించే మాత్ర, క్రిమి ఇంకా ఉంది. రాసినన్ని రోజులూ, సాధారణంగా 14, పూర్తి చేయాలి.

నోరు చేదుగా ఉందని మోతాదు ఎగ్గొట్టడం. క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్ నోట్లో లోహపు రుచి తెస్తాయి. మందులు అయిపోగానే పోతుంది. మోతాదు తర్వాత రెండు యాలకులు నమిలితే తట్టుకోవడం సులభం.

మలం నల్లబడిందని హడలిపోవడం, లేదా అసలు పట్టించుకోకపోవడం. బిస్మత్, ఐరన్ రెండూ మలాన్ని నల్లగా చేస్తాయి, బిస్మత్ నాలుకనూ నల్లబరుస్తుంది. ఆ మందులు వాడకుండా నల్లగా వచ్చినా, వాడుతున్నప్పుడే తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చి కళ్లు తిరుగుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి.

విరేచనాలు మొదలైతే అన్నీ మానేయడం. యాంటీబయాటిక్‌లతో కొద్దిగా విరేచనాలు మామూలే. టెట్రాసైక్లిన్‌కు ఎడంగా పెరుగన్నం తినండి, నీళ్లు బాగా తాగండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా డాక్టరుకు ఫోన్ చేయండి.

తలనొప్పికి, మోకాళ్ల నొప్పికి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవడం. ఎన్ని విటమిన్లు తిన్నా ఇవి కడుపు పొరను గీరేస్తాయి. నొప్పికి ఏది వాడాలో డాక్టరును అడగండి. గుండెకు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీకు మీరుగా ఆపవద్దు.

మెట్రోనిడజోల్‌తో మద్యం. కోర్సు నడిచినన్నాళ్లూ, తర్వాత మూడు రోజులూ చుక్క కూడా వద్దు.

## 8. కోర్సు అయ్యాక లోటు పూడ్చుకోండి

విటమిన్ల అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. యాంటీబయాటిక్‌లు అయిపోయాయి, ఇక అడ్డుపడేది ఏమీ లేదు.

ఐరన్ తక్కువగా ఉంటే డాక్టరు రాసిన మాత్రను జామపండుతోనో, నిమ్మరసం కలిపిన నీళ్లతోనో వేసుకోండి. విటమిన్ సి ఐరన్‌ను ఒంటపట్టిస్తుంది, టీ, కాఫీ అడ్డుకుంటాయి. మాత్రకు ముందూ వెనకా ఒక గంట టీ వద్దు. హిమోగ్లోబిన్ మామూలైన తర్వాత కూడా నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు వాడాల్సి ఉంటుంది. రక్తం పట్టిందని మధ్యలో ఆపేసి, ఏడాది తిరక్కుండానే మళ్లీ నీరసపడేవాళ్లు చాలామంది.

బి12 పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. ఒక గ్లాసు పాలలో దాదాపు 1 మైక్రోగ్రాము ఉంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. పరీక్షలో బాగా తక్కువగా తేలితే పాలు, పెరుగుతో ఆ లోటు తీరదు, మాత్రలో ఇంజెక్షన్లో కావాలి. కడుపు పొర బాగా అరిగిపోయినవారికి కొన్నిసార్లు జీవితాంతం అవసరమవుతుంది. బి-కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే కంగారు వద్దు, అది బి2 రంగు.

## 9. క్రిమి పోయిందో లేదో చూసుకోండి

కడుపు తేలికపడటం, ఆకలి పుట్టడం మంచి గుర్తులే గాని, అవి రుజువు కావు.

- ☐ యాంటీబయాటిక్ చివరి మోతాదు తర్వాత కనీసం నాలుగు వారాలు ఆగండి.
- ☐ ఆమ్లం తగ్గించే మాత్ర ఆపి రెండు వారాలు కావాలి. ఆ రోజుల్లో మంట వస్తే ఏం వాడవచ్చో ముందే అడిగి పెట్టుకోండి.
- ☐ శ్వాస పరీక్ష లేదా మలం పరీక్ష చేయించండి. యాంటీబాడీ పరీక్ష ఇక్కడ పనికిరాదు, క్రిమి పోయినా చాలాకాలం పాజిటివ్‌గానే ఉంటుంది.
- ☐ బి12, ఫెర్రిటిన్ ముందు తక్కువగా ఉంటే, డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ చూపించుకోండి.

మళ్లీ పాజిటివ్ వస్తే పాత చీటీ చూపించి షాపులో అవే మందులు కొనకండి. రెండోసారి వేరే యాంటీబయాటిక్‌లు కావాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ 14 రోజుల వేళల పట్టికనూ వెంట తీసుకెళ్లండి. ఎన్ని మోతాదులు తప్పాయో, ఏ మాత్ర దేనితో వేసుకున్నారో అందులో ఉంటుంది. మా అమ్మ రెండో కోర్సుకి ముందు డాక్టరు చాలాసేపు చూసింది ఎండోస్కోపీ రిపోర్టును కాదు, ఫ్రిజ్ తలుపు మీంచి ఊడదీసి తెచ్చిన ఆ కాగితాన్నే.